పొత్తుల బోరు: నాలుగు బోర్ల నీళ్లు పన్నెండు ఇళ్లు పంచుకునే పద్ధతి

మా పాత మోట బావికి పాళ్లు ఉండేవి. అన్నదమ్ములు నలుగురు కాబట్టి నాలుగు పాళ్లు, ఒక్కో పాలుకు ఒక రోజు. సోమవారం పెద్దాయన మోట కొడితే మంగళవారం రెండో ఆయనది. పొలం అమ్మినప్పుడు కాగితంలో ‘బావిలో నాలుగో వంతు’ అని కూడా రాసేవాళ్లు. బోర్లు వచ్చాక ఆ మాటే లేకుండా పోయింది. బోరు ఎవరి సర్వే నంబరులో పడితే నీళ్లు వాళ్లవి అనుకున్నాం. నేను మూడో బోరు వేసిన ఏడాది పక్క చేను ఆయన బోరు తగ్గింది. ఆయన ఇంకో వంద అడుగులు దింపాడు, నాది ఆగిపోయింది. ఇద్దరికీ అప్పు మిగిలింది. కింద ఉన్న నీళ్లు మాత్రం ఒక్క బిందె కూడా పెరగలేదు.

ఇక్కడ రాసేది పాలమూరు, నల్గొండ, అనంతపురం, కడప, చిత్తూరు లాంటి రాతి నేలల కోసం. కాలువ కింద, డెల్టాలో ఉన్నవాళ్లకు లెక్క వేరు. ఇది కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. 2003లో మొదలైన ఏపీఫామ్స్ (రైతులే చూసుకునే భూగర్భజలాల పద్ధతి) అనే ప్రాజెక్టులో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల రైతులు తమ ఊరి వాన, తమ బోర్ల మట్టం తామే కొలుచుకున్నారు. యాసంగికి (రబీకి) ముందు కూర్చుని ఎంత నీరుందో, ఎంత పంట వేయొచ్చో గోడ మీద రాసుకున్నారు. అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు కొన్ని ఊళ్లలో బోరు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి పైపులైను వేసుకుని నీళ్లు పంచుకున్నారు. ఈ రెండు పనులనూ కలిపి, ఏది ముందు ఏది వెనక అన్నది చెప్తాను. వరస ముఖ్యం. పైపులు ముందు కొనేసి, లెక్క తర్వాత చూద్దాం అనుకున్న చోట పైపులు మట్టిలోనే ఉండిపోయాయి.

ముందు: ఎవరెవరు, ఎప్పుడు

ఊరంతటినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న పది, పదిహేను కుటుంబాల పొలాలు, ముప్పై నలభై ఎకరాల ముక్క చాలు. అందులో బోరు ఉన్నవాళ్లు, ఎండిపోయినవాళ్లు, అసలు ఎప్పుడూ బోరు వేయనివాళ్లు ముగ్గురూ ఉండాలి. కౌలుకు చేసేవాళ్లను వదిలేస్తారు చాలామంది. అది తప్పు. ఆ నేల మీద పైరుకు తడి పెట్టేది వాళ్లే కాబట్టి భూమి యజమానితో పాటు కౌలుదారు కూడా కూర్చోవాలి.

మొదటి మాట వేసవిలో, ఏప్రిల్ మే నెలల్లో జరగాలి. అప్పుడు బోర్లన్నీ గుక్క తిప్పుకోలేక ఉంటాయి, మాట వినే ఓపిక ఉంటుంది. సెప్టెంబరులో అలుగు పారుతున్నప్పుడు నీళ్లు పంచుకుందాం అంటే నవ్వుతారు. ఎక్కడ కూర్చోవాలన్నదీ ఆలోచించండి. పంచాయతీ ఆఫీసులో పెడితే పార్టీలు వచ్చి కూర్చుంటాయి. ఎండిపోయిన ఒక బోరు దగ్గర, చెట్టు కింద కూర్చోవడం మేలు. సర్పంచ్‌ను తర్వాత, కాగితం రాసే రోజున పిలవండి, తీర్మానం కోసం ఆయన ఎలాగూ కావాలి.

ఆ రోజే నేల మీద ముగ్గుతో మ్యాపు గీయండి. గట్లు, వాగు, చెరువు ఉంటే చెరువు, ట్రాన్స్‌ఫార్మర్, ప్రతి బోరు. నడిచే బోరుకు పచ్చి ఆకు, ఎండిన దానికి రాయి పెట్టండి. పదిహేను రాళ్లు, నాలుగు ఆకులు కనిపించాక ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఒక్కో రాయికి ఎంత పోసిందీ అక్కడే చెప్పించండి. డ్రిల్లింగు, కేసింగు, జియాలజిస్టుకో కొబ్బరికాయ పట్టినాయనకో ఇచ్చింది, వడ్డీ. మొత్తం కూడితే ఆ ముక్కంతటికీ పైపులైను వేసినా డబ్బు మిగిలేదని తేలుతుంది చాలాసార్లు.

కొలవడం: డ్రమ్ము, తాడు, డబ్బా

‘మా బోరు రెండించులు పోస్తుంది’ అన్నది కొలత కిందికి రాదు. పైపు నోట్లోంచి నీళ్లు ఎంత ఊపుగా దూకుతున్నాయన్నదాన్ని బట్టి రెండించులు అనే మాటకు పది అర్థాలు. లీటర్లలోకి దిగాలి.

దీనికి 200 లీటర్ల డ్రమ్ము, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. మోటారు వేసిన వెంటనే కొలవకండి. రాత్రంతా ఊరిన నీళ్లు మొదట దబదబా వస్తాయి, బోరు యజమానికి అదే కొలత కావాలని ఉంటుంది. కనీసం గంట నడవనిచ్చి, ధార నిలకడ అయ్యాక డ్రమ్ము పెట్టండి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200 లీటర్లు. డ్రమ్ము పట్టుకునేది ఒకరు, టైం చూసేది ఇంకొకరు, రాసేది మూడో మనిషి కావాలి, ముగ్గురూ ఆ బోరు యజమానులు కాకూడదు. ఒకసారి యజమాని కొడుకే టైం చూస్తూ, డ్రమ్ము ఇంకా నాలుగు వేళ్లు వెలితిగా ఉండగానే ‘ఆపు’ అనేశాడు. పిల్లవాడిది తప్పేమీ లేదు, వాళ్ల బోరు గొప్పదనిపించుకోవాలని ఆశ. మళ్లీ కొలిచేసరికి పొద్దు గూకింది.

ఈ కొలత ఏడాదికి రెండుసార్లు తీయాలి. ఒకటి అక్టోబరు చివర, ఇంకోటి ఫిబ్రవరిలో. అక్టోబరు లెక్కతోనే యాసంగి అంతా నడుస్తుందనుకుంటే మార్చిలో పైరు ఎండుతుంది.

రెండోది నీటిమట్టం. పొద్దున్నే, ఎవరూ మోటారు వేయకముందు కొలవాలి. రెండు తీగల వైరు, చివర్లు కొద్దిగా ఒలిచి, పైన చిన్న బ్యాటరీ, బజర్. వైరును మీటరుకొకచోట టేపుతో గుర్తు పెట్టి బోరులోకి వదిలితే నీటిని తాకగానే కూస్తుంది. పది నిమిషాల్లో తయారవుతుంది. చిక్కల్లా ఏమిటంటే, నడిచే బోరులో డెలివరీ పైపు, కేబులు, క్లాంపులు ఉంటాయి. వైరు వాటికి చుట్టుకుంటే మోటారు పైకి తీయాల్సిందే. అందుకే మోటారు దింపేటప్పుడే పక్కన అర ఇంచు పీవీసీ పైపు ఒకటి దింపి ఉంచండి, వైరు దాంట్లోంచి పోతుంది. అలా కుదరని చోట ఎండిన బోరునో, వాడని బోరునో కొలత బోరుగా పెట్టుకోండి. స్టార్టరు దగ్గర ఫ్యూజులు తీసేశాకే చెయ్యి పెట్టాలి, ఎవరో దూరం నుంచి ఫోనుతో మోటారు వేసే రోజులివి.

మూడోది వాన. నిటారుగా గోడలున్న డబ్బా, పైనా కిందా ఒకే వెడల్పు ఉండాలి. బకెట్ పనికిరాదు, పైన వెడల్పు కింద సన్నం కాబట్టి ఎక్కువ చూపిస్తుంది. ఇంటికి, చెట్టుకు వాటి ఎత్తుకు రెట్టింపు దూరంలో గట్టిగా నాటి, రోజూ పొద్దున 8:30కి స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాయాలి. వాతావరణ శాఖ వాళ్లు లెక్క తీసే టైం కూడా అదే కాబట్టి మండలం లెక్కతో పోల్చుకోవచ్చు. మండల కేంద్రంలో 40 మి.మీ. పడిన రోజు మీ దగ్గర 6 పడొచ్చు. ఈ పని బడికి వెళ్లే పిల్లలకు అప్పగిస్తే ఒక్క రోజు కూడా తప్పదు. పెద్దవాళ్లకు అప్పగిస్తే పెళ్లిళ్ల సీజనులో తప్పుతుంది.

లెక్క

గుర్తుంచుకోవాల్సిన అంకె ఒక్కటే. ఒక ఎకరం మీద 1 మి.మీ. నీరు అంటే నాలుగు వేల లీటర్లు. ఖచ్చితంగా 4,047, మనకు నాలుగు వేలు చాలు.

అనంతపురంలో ఏడాది సగటు వాన దాదాపు 550 మి.మీ. ఎకరానికి 22 లక్షల లీటర్లన్నమాట. వినడానికి చాలా ఎక్కువ. కానీ అందులో చాలా భాగం ఆవిరైపోతుంది, పైరూ గడ్డీ చెట్లూ తాగేస్తాయి, కొంత వాగులో పోతుంది. మన గ్రానైటు నేలల్లో కిందికి ఇంకి బోరుకు అందేది సుమారు పదో వంతు. బంకమట్టి ఎక్కువున్న చోట ఇంకా తక్కువ. అంటే ఎకరానికి 2.2 లక్షల లీటర్లు. మన ఇరవై రెండు లక్షల్లో మనం తోడుకోవడానికి మిగిలింది అదీ.

ఇప్పుడు పంటలు ఎంత తాగుతాయో చూడండి. నేలను బట్టి, ఎండను బట్టి మారేవే గాని మాట్లాడుకోవడానికి పనికొచ్చే అంకెలు. యాసంగి వరికి సుమారు 1,200 మి.మీ., ఎకరానికి 48 లక్షల లీటర్లు. మొక్కజొన్నకు 550 మి.మీ., అంటే 22 లక్షలు. వేరుశనగకు 500, 20 లక్షలు. జొన్నకు 400, 16 లక్షలు. నువ్వులకు 300, 12 లక్షలు. నల్లరేగడిలో శనగకు 250, 10 లక్షలు.

లీటర్లు చెప్తే ఎవరికీ తలకెక్కదు. 5,000 లీటర్ల ట్యాంకర్లలోకి మార్చి చెప్పండి. ఒక ఎకరం వరికి 960 ట్యాంకర్లు. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన ఆడవాళ్లు ఆ మాట వినగానే తలెత్తి చూస్తారు. ఇంకోలా చెప్పాలంటే ఎకరం యాసంగి వరి దాదాపు ఇరవై రెండు ఎకరాల మీద ఇంకిన వానను తోడేస్తుంది. వరి మడిలో పెట్టిన నీళ్లు కొంత మళ్లీ కిందికే పోతాయి కదా అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. నిజమే. మూడో వంతు తిరిగి ఇంకింది అనుకున్నా పదిహేను ఎకరాల వాన ఒక్క ఎకరానికి పోతుంది.

లెక్క అర్థం కావడానికి ఒక ముక్క తీసుకుందాం. 12 కుటుంబాలు, 36 ఎకరాలు, నడిచే బోర్లు నాలుగు. డ్రమ్ము కొలతల ప్రకారం గంటకు 9,000, 7,200, 4,500, 2,880 లీటర్లు. మొత్తం 23,580. రోజుకు ఏడు గంటలు నడిపితే 1.65 లక్షల లీటర్లు. నూరు రోజుల యాసంగిలో 1.65 కోట్లు. ఫిబ్రవరి నుంచి పోత తగ్గుతుంది కాబట్టి 30 శాతం తీసేస్తే 1.15 కోట్లు.

ఇదీ మోటార్లు తోడగలిగింది. మరి ఆ 36 ఎకరాల మీద ఇంకింది ఎంత? 36 ఇంటూ 2.2 లక్షలు, సుమారు 80 లక్షలు. తోడగలిగిన దానికీ ఇంకిన దానికీ తేడా 35 లక్షలు. అది పక్క ముక్క వాళ్ల నేల కింది నుంచి రావాలి, లేదా పాత నిల్వలోంచి. ఇన్నాళ్లూ ఆ నలుగురు బోరు యజమానులు కలిసి మూడున్నర ఎకరాల వరి వేసేవాళ్లనుకోండి, దానికే 1.68 కోట్లు. బోర్లు ఏటా లోతుకు ఎందుకు పోతున్నాయో తెలుసుకోవడానికి ఈ ఒక్క తీసివేత చాలు.

ఈ పదో వంతు అన్న మాట నమ్మబుద్ధి కాకపోతే మీ వైరుతో సరిచూసుకోవచ్చు. జూన్ మొదట్లో, అక్టోబరు చివర మట్టం కొలవండి. మూడు మీటర్లు పైకి వచ్చిందనుకోండి. బోరులో మూడు మీటర్ల నీళ్లు కనిపిస్తాయి గాని చుట్టూ ఉన్నది రాయి, మొరం. పుచ్చిన గ్రానైటులో నూటికి రెండు పాళ్లు మాత్రమే మనకు వదిలే నీరు. మూడు మీటర్లలో రెండు శాతం అంటే 60 మి.మీ. 550లో పదో వంతు అని పైన మనం వేసుకున్నది 55, దానికి దగ్గరగానే వచ్చింది. వర్షాకాలంలో తోడింది కూడా ఉంటుంది కాబట్టి అసలు ఇంకింది దీనికంటే కొంచెం ఎక్కువే. ఈ లెక్క చూపిస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. మట్టం మూడు మీటర్లు పెరిగిందని సంబరపడ్డవాళ్లు ఒక్క వరి కోతకు అదంతా ఎందుకు పోతుందో అప్పుడు అడగరు.

ఖరీఫ్‌లో ఒక తడి కోసం 16 లక్షలు పక్కన పెడదాం, ఎలా వచ్చిందో కింద చెప్తాను. పశువులకు, ఇళ్లకు నాలుగు లక్షలు. మిగిలింది 60 లక్షలు. యాసంగికి అంతే. వరి వేస్తే ఎకరం పాతిక సెంట్లు, ఒక్క ఇంటికి. అదే నువ్వులు మూడు ఎకరాలు (36 లక్షలు), డ్రిప్ మీద కూరగాయలు ఒక ఎకరం (14 లక్షల వరకు), అర ఎకరం జొన్న (8 లక్షలు) వేస్తే 58 లక్షల్లో సరిపోతాయి. పన్నెండు ఇళ్లకు తలా కాస్త. చూడ్డానికి చిన్నగానే ఉంటుంది, మొదటి మీటింగులో చాలామంది ముఖం మాడ్చుకుంటారు. వాన బాగా పడిన ఏడాది 60 లక్షలు కోటి అవుతుంది, అప్పుడు పెంచుకోవచ్చు. అక్టోబరు లెక్కను బట్టి ఏడాదికేడాది మార్చుకోవాల్సిందే.

బోరు ఉన్నాయన ఎందుకు ఒప్పుకుంటాడు?

అసలు కష్టం ఇక్కడుంది. మిగతాదంతా పనే, ఇది మనుషులు. గంటకు 9,000 లీటర్లు పోసే బోరున్న మనిషి 2,880 పోసే మనిషితోనూ, బోరే లేని మనిషితోనూ ఎందుకు పంచుకోవాలి? ధర్మం చెప్తే వినడు, వినాల్సిన పని కూడా లేదు. అప్పు తెచ్చి వేసుకున్నది అతను.

అతనికి ఇవ్వగలిగింది భరోసా. ఈ రోజు నీ బోరు మంచిది, మూడేళ్ల తర్వాత నీది ఎండినా నీ పైరుకు మిగతా మూడు బోర్ల నుంచి తడి వస్తుంది. ఇంకోటి, చుట్టుపక్కల పదేళ్లు కొత్త బోరు పడదు. నీ బోరును చంపేది నీ పక్క పొలంలో పడబోయే బోరే కదా. ఈ రెండో మాటకు చాలామంది మెత్తబడతారు. మొదటి రోజు గీసిన రాళ్ల మ్యాపు అప్పుడు పనికొస్తుంది.

దాంతోపాటు యజమానికి మొదటి హక్కు ఉంచాలి. యాసంగిలో అందరికీ పావు ఎకరం వాటా అయితే అతనికి అర ఎకరం ఇవ్వండి. బోరు లేనివాళ్లకు యాసంగి నీళ్లకంటే ఖరీఫ్‌లో ఒక తడి ఎక్కువ విలువైంది. ఆగస్టులో ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే, వేరుశనగ ఊడలు దిగే సమయంలో ఒక్క తడి పెడితే పంట ఇంటికొస్తుంది, లేకపోతే కట్టె మిగులుతుంది. కాబట్టి ఒప్పందాన్ని ఇలా కుదర్చండి: ఖరీఫ్‌లో ఎండ కాసినప్పుడు ప్రాణం నిలబెట్టే తడి అందరి పొలానికీ, యాసంగి నీళ్లలో పెద్ద పాలు బోరు యజమానులకు.

ఆ ప్రాణ తడి అందరికీ అందుతుందా అన్నది ముందే చూడాలి. గట్టిగా 40 మి.మీ. తడి పెడితే ఎకరానికి 1.6 లక్షల లీటర్లు. నాలుగు బోర్లూ కలిసి రోజుకు ఒక ఎకరమే తడుపుతాయి. 36 ఎకరాలకు 35 రోజులు పడుతుంది. చివరి వాడి వంతు వచ్చేసరికి పైరు చచ్చి పది రోజులవుతుంది. అందుకే స్ప్రింక్లర్లతో 20 మి.మీ. తేలిక తడి పెట్టాలి, ఎకరానికి 80,000 లీటర్లు. అయినా 36 ఎకరాలకు పదిహేడున్నర రోజులు. కాబట్టి ఏ పంటకు ముందో కూడా రాసుకోవాలి. ఎర్ర చెలకలో ఊడలు దిగుతున్న వేరుశనగ ముందు, కందులు తర్వాత. కంది వేరు లోతుకు పోతుంది, పది రోజులు ఓర్చుకుంటుంది. వేరుశనగ 20 ఎకరాలైతే 16 లక్షల లీటర్లు, పది రోజుల్లో చుట్టు తిరుగుతుంది. పైన పక్కన పెట్టిన 16 లక్షలు ఇవే.

కాగితం

నోటిమాట మొదటి ఏడాది నడుస్తుంది. రెండో ఏడాది అల్లుడో, తమ్ముడో వచ్చి ‘నాకు చెప్పలేదే’ అంటాడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి, అందరి సంతకాలు, ఇంట్లో ఆడవాళ్ల సంతకాలు కూడా పెట్టించి, గ్రామ పంచాయతీ తీర్మానంలో ఎక్కించండి. అందరి సర్వే నంబర్లు, ఏ బోరు ఎవరిది, మోటారు కాలితే ఖర్చు ఎలా పంచుకోవాలి, పదేళ్లు కొత్త బోరు వేయకూడదు, యాసంగిలో వరి వేయకూడదు అన్నవి అందరూ రాస్తారు. మర్చిపోయేవి మూడు. భూమి అమ్మితే కొన్నవాడికి ఒప్పందం వర్తిస్తుందా? అన్నదమ్ములు పంచుకుంటే వాటా ఎవరికి ఎంత? బోరు యజమాని బయటికి పోతానంటే పైపులైనుకు మిగతావాళ్లు పెట్టిన డబ్బు సంగతేంటి? గొడవలన్నీ ఈ మూడింటి చుట్టే వస్తాయి. ఇప్పుడే, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే రాసేయండి.

చట్టం కూడా కొంత తోడుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా వేయకూడదు. అమలు సంగతి మీకు తెలిసిందే. అయినా మీ కాగితంలో ఆ చట్టాన్ని ప్రస్తావించండి, రిగ్గు లారీ ఊళ్లోకి వచ్చిన రాత్రి తహసీల్దారుకు ఫోను చేయడానికి ఒక ఆధారం ఉంటుంది.

పైపులు, కరెంటు

నాలుగు బోర్లనూ ఒకే పైపులైనుకు కలపాలనుకుంటే ఒక ప్రమాదం ఉంది. ఊపు ఎక్కువున్న మోటారు, తక్కువున్న మోటారు ఒకేసారి నడిస్తే బలమైనది బలహీనమైనదాన్ని తోసేస్తుంది. ఆ చిన్న మోటారు నీరు బయటికి నెట్టలేక లోపలే తిరిగి కాలిపోతుంది. ఆగి ఉన్న బోరులోకి నీళ్లు వెనక్కి కూడా పోతాయి, పైన మీ పొలానికి రావాల్సింది కింద రాళ్లలోకి. కాబట్టి ప్రతి బోరు నోటి దగ్గర నాన్ రిటర్న్ వాల్వు, గేట్ వాల్వు తప్పనిసరి. మోటార్లను వంతులవారీగా నడపండి. లేదా అన్నీ కలిసి ఎత్తైన చోట ఒక తొట్టెలో పోసేలా చేసి అక్కడి నుంచి పంచండి. నా ఓటు తొట్టెకే. ఖర్చు ఎక్కువే గాని నీళ్లు కళ్లకు కనబడతాయి, తొట్టె మట్టం చూస్తే ఈ రోజు ఎవరు ఎంత పోశారో ఎవరూ చెప్పక్కర్లేదు.

పైపును నాగలి, రోటవేటరు తగలని లోతులో, రెండున్నర మూడడుగుల కింద పూడ్చండి. కింద కాస్త ఇసుక పరవండి, మొన తేలిన రాయి మీద పైపు కూర్చుంటే రెండేళ్లలో పగులుతుంది. మిట్ట మీద ఎయిర్ వాల్వు, పల్లంలో కడిగేసుకోవడానికి ఒక మూత. ప్రతి రెండు మూడు ఎకరాలకు ఒక ఔట్‌లెట్. పూడ్చకముందే ఒకసారి నీళ్లు వదిలి జాయింట్లన్నీ చూడండి. పూడ్చాక లీకు కోసం తవ్వడం కంటే పెద్ద టెన్షన్ లేదు.

కరెంటు సంగతి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అయిదు హెచ్‌పీ మోటార్లు నాలుగు మించితే కాలుతుంది, కాలితే కొత్తది వచ్చేదాకా పైరు మీ వైపు చూస్తూ ఉంటుంది. ఆటో స్టార్టర్లు తీసేయండి. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి లేస్తే ఫ్యూజు కొట్టేస్తుంది, పైగా మడి నిండినా మోటారు నడుస్తూనే ఉంటుంది. 2004లో ఉచిత కరెంటు వచ్చినప్పటి నుంచి నీళ్లు తోడటానికి ఖర్చు కనబడదు. తెలంగాణలో 2018 నుంచి 24 గంటలు కూడా ఇచ్చారు. కరెంటు ఎన్ని గంటలున్నా మన లెక్కలో ఏడు గంటలే అన్నది కాగితంలో ఉండాలి.

వంతులు, పుస్తకం

పాత చెరువుల కింద నీరటికాడు ఉండేవాడు. తూము ఎంత ఎత్తాలో, ఏ మడికి ఎప్పుడు నీళ్లు మళ్లించాలో అతనిదే మాట. కళ్లంలో ధాన్యం కొలిచి అతని వాటా ఇచ్చేవాళ్లు. మడికి నీళ్లు అందకపోతే అతన్నే అడిగేవాళ్లు. మీ పైపులైనుకూ అలాంటి ఒక మనిషి కావాలి. వాల్వులు తిప్పే తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉండాలి, జీతం డబ్బుల్లోనో గింజల్లోనో ఇవ్వండి. వీలైతే భూమి తక్కువున్నవాళ్లను పెట్టండి, నాలుగు బోర్ల యజమానుల్లో ఒకరిని మాత్రం వద్దు.

వంతును ఎకరాల్లో కాకుండా గంటల్లో రాయండి. తొట్టె నుంచి గంటకు ఇంత నీరు అని తెలుసు కాబట్టి ‘అర ఎకరం నువ్వులకు వారానికి ఇన్ని గంటలు’ అని లెక్క తేలుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ వంతు మిగిలిన గంటలు మర్నాటికి జరుగుతాయా, వదిలేయాలా? జరగాలి. ఇది రాయకపోతే మొదటి వారంలోనే కొట్లాట. ఒకరి వంతు ఇంకొకరికి ఇవ్వొచ్చు, అమ్మకూడదు.

గంటకు ఇంత అని ఏదో కొంత వసూలు చేయండి, పది రూపాయలైనా సరే. మోటారు కాలిన రోజు ఊరంతా తిరిగి చందాలు అడగకుండా ఉంటుంది. పుస్తకం మహిళా సంఘంలో లెక్కలు రాసే అలవాటున్న ఆవిడకు ఇవ్వండి. పొదుపు, అప్పు, వడ్డీ అన్నీ ఏళ్లుగా రాస్తున్నవాళ్లు, నీళ్ల గంటలు వాళ్లకు ఒక లెక్క కాదు. మా దగ్గర పుస్తకం పట్టిన ఆవిడ జరిమానా కింద సొంత బావ దగ్గర వసూలు చేసింది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

ఇంకించడం

దీని మీద అందరూ చెప్తారు కాబట్టి తొందరగా ముగిస్తా. ఉపాధి హామీలో కందకాలు, ఫారం పాండ్లు, వాగు మీద చిన్న చెక్‌డ్యాం అడగండి. దగ్గర్లో చెరువు ఉంటే పూడిక తీయించండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తెలంగాణలో చాలా చెరువులకు ఆ పని జరిగింది, మళ్లీ పూడకుండా చూసుకోవడం మీ వంతు. రాయలసీమలో కొన్ని చోట్ల తూము మూసేసి, చెరువును కేవలం బోర్లు ఊరడానికే వదిలేశారు. ఆయకట్టులో అందరికీ బోరు నీళ్లు అందే ఏర్పాటు ఉంటేనే అది న్యాయం. లేకపోతే తూము నీళ్లతో బతికే చిన్న రైతు నోరు కొట్టినట్టే.

ఎండిన బోరు చుట్టూ గుంత తీసి గులకరాళ్లు, ఇసుక నింపి వాన నీళ్లు దింపొచ్చు. ఎరువులు, మందులు కొట్టిన పొలం నీళ్లు నేరుగా పోకుండా చూడండి. ఏమీ చేయని ఎండు బోర్లకు ఈ రోజే మూత బిగించండి. ఇది నీళ్ల పని కాదు గాని, పసిపిల్లలున్న ఊరు.

ఫిబ్రవరిలో మళ్లీ డ్రమ్ము

సంక్రాంతి అయ్యాక రెండో కొలత. పోత అక్టోబరు కంటే 30 శాతంలోపే తగ్గితే అనుకున్నట్టే నడుస్తోంది. అంతకంటే ఎక్కువ తగ్గితే వెంటనే కూర్చోవాలి, మార్చి దాకా ఆగకూడదు. కొత్తగా నాటాల్సిన కూరగాయలు ఆపేయండి. ఉన్నవాటిలో అందరివీ సమానంగా ఎండబెట్టే కంటే, కోతకు దగ్గరున్న పైరుకు నీళ్లిచ్చి మిగతావాళ్లకు పుస్తకంలోని నిధి నుంచి కొంత పరిహారం ఇవ్వడం నయం. ఇది కూడా కాగితంలో ఉండాలి.

నాలుగిట్లో ఒక బోరు పూర్తిగా ఆగిపోతే అదే మీ ఒప్పందానికి పరీక్ష. ఆగిన బోరు యజమానికి అదే వారం, అతను అడగకముందే నీళ్లు వెళ్లాలి. మా దగ్గర ఆగింది గంటకు తొమ్మిది వేలు పోసిన బోరే. మొదటి మీటింగులో అందరికంటే గట్టిగా అడ్డం తిరిగిన మనిషిది. నీరటికాడిగా పెట్టుకున్న కుర్రాడు ఆ రాత్రే పుస్తకంలో వంతులు దిద్దుకుని పొద్దున ఆయన చేను వైపు వాల్వు తిప్పాడు. ఆయన గట్టు మీద కూర్చుని ఔట్‌లెట్‌లోంచి నీళ్లు రావడం చూస్తూ, ‘గంట ఎప్పుడు మొదలైంది, రాసుకున్నావా?’ అని అడిగాడు.